గెలిచి వచ్చినవాళ్లపై వేటు వేసిన సమాఖ్య

1896 ఏథెన్స్ ఒలింపిక్స్ అనగానే అందరూ మారథాన్ గెలిచిన స్పిరిడాన్ లూయిస్ దగ్గరే ఆగిపోతారు. నన్నడిగితే ఆ క్రీడల్లో ఇప్పటికీ తేలని పంచాయితీ ఒకటుంది, అది జిమ్నాస్టిక్స్‌లో మొదలైంది. జర్మనీ నుంచి వెళ్లిన పది మంది జిమ్నాస్టులు మొత్తం ఎనిమిది పోటీల్లో ఐదు గెలిచారు. తిరిగొచ్చాక వాళ్లలో చాలామందిపై సొంత సమాఖ్యే నిషేధం విధించింది. మేం వద్దన్నా ఎందుకు వెళ్లారన్నదే వాళ్లపై మోపిన నేరం.

నేపథ్యం ఇదీ. ఆ సమాఖ్య పేరు డోయిచ టుర్నర్‌షాఫ్ట్, ఆనాటి జర్మన్ జిమ్నాస్టిక్స్‌కు సర్వాధికారి. ఒలింపిక్స్ ఆలోచన ఫ్రెంచివాడైన కూబెర్టాన్‌ది. ఫ్రాన్స్‌తో 1870-71 యుద్ధం ఇంకా ఎవరూ మరిచిపోలేదు. పైగా పతకాల కోసం పోటీ పడటం తమ వ్యాయామ సంప్రదాయానికే విరుద్ధమని సంఘం పెద్దల నమ్మకం. వాళ్లు బహిష్కరణ అన్నారు. బెర్లిన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త విలిబాల్డ్ గెబ్‌హార్ట్ వెనక్కి తగ్గలేదు, పట్టుబట్టి జట్టును బయల్దేరదీశాడు.

ఆ పోటీలు ఎలా జరిగాయో కాస్త దగ్గరగా చూడాలి. ఏప్రిల్‌లో, పానథెనైక్ స్టేడియంలో, ఆరుబయట. ఇప్పటిలాంటి ఫ్లోర్ ఎక్సర్‌సైజ్ లేదు. దాని బదులు 14 మీటర్ల తాడు ఎక్కే పోటీ ఉంది. ఐదుగురు దిగితే పైదాకా వెళ్లింది ఇద్దరే, ఇద్దరూ గ్రీకులే. ఆంద్రియాకోపులోస్ 23.4 సెకన్లలో ఎక్కేశాడు. రింగ్స్‌లో జడ్జీలు చెరిసగం చీలిపోతే, జార్జ్ రాజకుమారుడి ఓటుతో గ్రీకువీరుడు మిత్రోపులోస్ గెలిచాడు. ఆ ఒక్క ఓటుతో రెండో స్థానానికి జారిన జర్మన్ హెర్మన్ వైన్‌గార్ట్‌నర్ హారిజాంటల్ బార్‌లో మొదటి స్థానం కొట్టాడు. వాల్ట్ (పరుగెత్తుకొచ్చి పరికరం మీంచి దూకే పోటీ) గెలిచిన కార్ల్ షూమన్ అంతటితో ఊరుకోకుండా కుస్తీలో దిగాడు. ఫైనల్ మధ్యలో చీకటి పడితే ఆట ఆపి, మర్నాడు మళ్లీ పట్టి గెలిచాడు. ప్యారలల్ బార్స్ జట్టు పోటీలో మూడో స్థానం వచ్చిన గ్రీకు జట్టులో దిమిత్రియోస్ లుండ్రాస్ అనే పదేళ్ల పిల్లాడున్నాడు!

హారిజాంటల్ బార్ జట్టు పోటీలో జర్మనీకి ప్రత్యర్థే లేడన్నది నిజం. అయినా మిగతావన్నీ పోటీపడి గెలిచినవే. ఏ కొలత పెట్టి చూసినా వీళ్లు ఆనాటి మేటి ఆటగాళ్లు.

సమాఖ్యను వెనకేసుకొచ్చేవాళ్లు ఒక మాటంటారు: సంఘంలో సభ్యత్వం తీసుకున్నాక సంఘం నిర్ణయానికి కట్టుబడాలి, ఎవరికి తోచినట్టు వాళ్లు వెళ్లిపోతే క్రమశిక్షణ ఏం మిగులుతుంది? బహిష్కరణకు ఒక్కోసారి న్యాయమైన కారణం ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. దక్షిణాఫ్రికా వర్ణవివక్షపై క్రీడాలోకం చేసిన బహిష్కరణ అలాంటిదే. కానీ 1896లో సంఘం పెద్దల కోపం కూబెర్టాన్ మీద, ఫ్రాన్స్ మీద. శిక్ష పడింది ఆటగాళ్ల మీద. అత్త మీద కోపం దుత్త మీద చూపడాన్ని క్రమశిక్షణ అనలేం.

అసలు ఈ సమాఖ్యల విధేయత ఎవరి పట్ల ఉంటుందో తేల్చిచెప్పే సంగతి తర్వాత జరిగింది. ఆ జట్టులో ఆల్‌ఫ్రెడ్ ఫ్లాటో, గుస్టావ్ ఫెలిక్స్ ఫ్లాటో అనే దాయాదులున్నారు. ఇద్దరూ యూదులు. ప్యారలల్ బార్స్ వ్యక్తిగత విజేత ఆల్‌ఫ్రెడ్. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే ఇదే టుర్నర్‌షాఫ్ట్ యూదులను సంఘాల నుంచి వెళ్లగొట్టింది. దశాబ్దాలుగా సభ్యుడైన ఆల్‌ఫ్రెడ్ కూడా తన క్లబ్‌ను వదలాల్సి వచ్చింది. గుస్టావ్ నెదర్లాండ్స్‌కు పారిపోయినా నాజీలు అక్కడికీ వచ్చారు. ఆల్‌ఫ్రెడ్ 1942లో, గుస్టావ్ 1945లో తెరేజిన్‌స్టాట్ నిర్బంధ శిబిరంలో చనిపోయారు. ఏథెన్స్‌కు వెళ్లొద్దని దేశాభిమానం పేరుతో ఆజ్ఞాపించిన సంస్థ, దేశానికి ఒలింపిక్ విజయం తెచ్చిన మనిషిని కాపాడలేదు సరికదా, తానే గెంటేసింది. బెర్లిన్ ఒలింపిక్ స్టేడియం పక్క వీధికి ఫ్లాటోల పేరు పెట్టడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది.

సమాఖ్య వేరు, దేశం వేరు. ఈ తేడాను మన దేశంలో ఇంకా గట్టిగా చెప్పాలి. 2022 ఆగస్టులో భారత ఫుట్‌బాల్ సమాఖ్యను ఫిఫా సస్పెండ్ చేసింది. పరిపాలన గొడవలు ఢిల్లీలో. గోకులం కేరళ మహిళల జట్టు మాత్రం ఆసియా క్లబ్ టోర్నీ కోసం అప్పటికే తాష్కెంట్‌లో దిగిపోయింది. ఆడకుండానే తిరిగొచ్చింది. ఆ అమ్మాయిలు చేసిన తప్పేంటి? మరుసటి ఏడాది రెజ్లింగ్ సమాఖ్య సకాలంలో ఎన్నికలు జరపలేదని ప్రపంచ సంస్థ వేటు వేస్తే, బెల్‌గ్రేడ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మన రెజ్లర్లు త్రివర్ణ పతాకం లేకుండా బరిలోకి దిగారు. అంతిమ్ పంఘాల్ అలాగే కాంస్యం తెచ్చింది, పారిస్ ఒలింపిక్స్ బెర్తూ తెచ్చింది. మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి సంగతి చూడండి. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్ వాల్ట్‌లో కాంస్యం గెలిచి, ఆ స్థాయిలో వ్యక్తిగత పతకం తెచ్చిన తొలి భారతీయ జిమ్నాస్ట్ అయ్యే నాటికి జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్యకు కేంద్రం గుర్తింపే లేదు. లోపలి కుమ్ములాటల వల్ల ఏళ్ల తరబడి అలాగే నడిచింది.

జిమ్నాస్ట్‌కు ఫామ్‌లో ఉండే కాలం చాలా తక్కువ. రెండేళ్లు పోయాయంటే కెరీర్‌లో సగం పోయినట్టే. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి మాత్రం కేసు పదేళ్లు సాగినా ఎదురుచూడగలడు. ఈ అసమానతే అసలు అన్యాయం.

2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం కొంత నయం. క్రీడా ట్రిబ్యునల్ ఏర్పాటు చేయాలంది, కార్యవర్గాల్లో మేటి క్రీడాకారులకు చోటివ్వాలంది. కానీ 15 మంది దాకా ఉండే కార్యవర్గంలో ఇద్దరు ఆటగాళ్లుంటే చాలట! ఆ ఇద్దరి మాట ఓటింగ్‌లో ఎంత నిలబడుతుంది? కనీసం సగం సీట్లు ఆటగాళ్లవి కావాలి. అంతకంటే ముందు, సమాఖ్య గొడవ ఏదైనా సరే, అర్హత సాధించిన క్రీడాకారుడి ఎంట్రీని ఆపే అధికారం ఎవరికీ ఉండదని చట్టంలో ఒక్క వాక్యం చేర్చాలి. ఎంట్రీకి గడువు ముగిసేలోపే ట్రిబ్యునల్ తీర్పు చెప్పాలని ఇంకో వాక్యం. ఈ రెండింటినీ పార్లమెంటులో అడగాల్సింది మన ఎంపీలే. క్రీడా సంఘాల్లో పదవులు అనుభవిస్తున్న నాయకులు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు కాబట్టి, వాళ్లంతట వాళ్లు అడగరు. మనమే అడిగించాలి.