దమ్ బిరియానీకి మూడు గంటల తేడా

న్యూజెర్సీ ఎడిసన్‌లో ఒక తెలుగువాళ్లింట్లో మ్యాచ్ పేరుతో విందు పెట్టారనుకోండి. తేదీ 2024 అక్టోబర్ 25, శుక్రవారం. అల్లుడు చదివిన రట్‌గర్స్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లాస్ ఏంజిలిస్ వెళ్లి అక్కడి యూనివర్సిటీ యూఎస్‌సీతో ఆడుతోంది. ఆ అల్లుడు టైము చూసుకున్నది ఆతిథ్య జట్టు షెడ్యూల్లో. రాత్రి 8 అని ఉంది. అది పసిఫిక్ టైము. ఎడిసన్‌లో అప్పటికి 11. రెండు కేజీల బాస్మతి, రెండున్నర కేజీల చికెన్ సరిగ్గా ఏడింటికి దమ్ మీదికెక్కాయి. ఎనిమిదికల్లా పన్నెండుమంది సోఫాల్లో సర్దుకున్నారు. టీవీలో మ్యాచ్ జాడ లేదు.

విజయవాడ నుంచి రెండ్రోజుల క్రితమే దిగిన మావగారు రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఖాళీగా కూర్చోలేరు. పేపర్ ప్లేటు, పెన్ను తీసుకున్నారు.

"మీ రట్‌గర్స్ ఆడే ఈ బిగ్ టెన్ లీగ్‌లో జట్లెన్ని అల్లుడుగారూ?"

"పద్దెనిమిది మావయ్యగారూ."

"మరి బిగ్ ట్వెల్వ్‌లో?"

"పదహారు."

మాస్టారు ప్లేటు మీద రాసింది కొట్టేసి మళ్లీ రాశారు.

ఆయన తప్పేం లేదు. కాన్ఫరెన్సులనే ఈ యూనివర్సిటీ లీగుల పేర్లు అలా వదిలేసి జట్లు ఇళ్లు మారిపోయాయి. 2024లో యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, ఒరెగాన్, వాషింగ్టన్ పసిఫిక్ ఒడ్డు నుంచి బిగ్ టెన్‌లోకి వచ్చేశాయి. కారణం టీవీ సొమ్ము: ఏడేళ్లకి 700 కోట్ల డాలర్ల పైమాట. అంత పోసి కొన్న టీవీవాళ్లకి శుక్రవారం అర్ధరాత్రి కూడా సరుకు కావాలి. బిరియానీ సంగతి వాళ్లకెందుకు?

పంపకాల్లో తగాదాలూ మన ఊళ్లో లాగే. యూసీఎల్‌ఏ, బర్కిలీలోని కాల్ ఒకే కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థ బిడ్డలు. తమ్ముడు కలిగినింటికి వెళ్లిపోయాడు కాబట్టి అన్నకి ఏడాదికి కోటి డాలర్లు ఇవ్వాలని ఆ వ్యవస్థ పెద్దలు, అంటే రీజెంట్లు, తేల్చారు. జనం దానికి 'కాలిమొనీ' అని పేరెట్టారు; కాల్‌కి భరణమన్నమాట. ఆ కాల్, పక్కనే ఉన్న స్టాన్‌ఫర్డ్ పసిఫిక్ గాలి పీలుస్తూనే అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాయి. డల్లాస్‌లోని ఎస్‌ఎంయూ యూనివర్సిటీ అయితే అక్కడ చోటు కోసం తొమ్మిదేళ్లు టీవీ వాటా వదులుకుంది. దీన్ని ఎదురుకట్నం అనక ఏమంటారు?

పసిఫిక్ వైపు జట్ల పాత ఇల్లు పాక్-12లో పదిమంది వెళ్లిపోగా మిగిలింది ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. 2025 నవంబర్‌లో ఆ ఇద్దరూ ఒక్క నెలలోనే రెండుసార్లు ఆడుకున్నారు. పాపం, ఇంకెవరున్నారని! 2026 జులైకి బాయిసీ స్టేట్ వగైరాల చేరికతో ఫుట్‌బాల్‌కి ఎనిమిదిమంది తేలతారు. పేరు మాత్రం పాక్-12.

ఇంతటితో ఆగుతుందా? బిగ్ టెన్ టీవీ ఒప్పందం 2029-30తో ముగుస్తుంది. అట్లాంటిక్ కోస్ట్ గడప దాటి బయటికి పోవడానికి కట్టాల్సిన రుసుము ఏటా తగ్గుతూ 2030-31కి ఏడున్నర కోట్ల డాలర్లకి దిగుతుంది. పెట్టెలు సర్దుకోవాలనుకునేవాళ్లు ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తూనే ఉంటారు. పేపర్ ప్లేటు మీద పెన్సిల్‌తో రాసుకోవడం మంచిది.

బిరియానీ గతి వేరు. దమ్ అయ్యాక గిన్నె మూత తియ్యకుండా అరగంట ఉంచితే రుచి కుదురుతుంది; ఓవెన్‌లో మూడు గంటలుంచితే అడుగు మసాలా గిన్నెకి అంటుకుపోయి, పైమెతుకు వడియంలా ఎండుతుంది. అందుకే తొమ్మిదిన్నరకే వడ్డించేశారు. పదిన్నరకి పిల్లలున్నవాళ్లు లేచారు, పదకొండుకి ఆట మొదలైంది, సగమయ్యేసరికి అల్లుడు సోఫాలోనే గుర్రుపెట్టాడు. రట్‌గర్స్ 42-20తో ఓడటం అతను చూడలేదు.

చూసింది మావగారొక్కరే. ఆట మొదలయ్యేసరికి విజయవాడలో ఉదయం ఎనిమిదిన్నర. ఆయన ఒంటికింకా అదే టైము. వంటింటి వైపు తిరిగి కూతుర్ని పిలిచారు:

"అమ్మాయ్, టిఫినేం చేశావ్?"