రన్‌వే కనిపించినంత మాత్రాన కంట్రోలర్ పని తీరిపోదు

వారం రోజులుగా మా చుట్టాల గ్రూపులో, కాలనీ గ్రూపులో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "ఆకాశం తేటగా ఉంటే పైలట్ రన్‌వేని కళ్లారా చూసుకుని దిగుతాడు, ఏటీసీకి (విమానాల రాకపోకలు చూసే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కి) పనే ఉండదు. పక్కపక్కన రెండు రన్‌వేలుంటే ఇంకా సులువు. అమెరికాలో రోజూ అలాగే దింపుతారు. దగ్గరగా వస్తే విమానంలోని మిషనే హెచ్చరిస్తుంది. శంషాబాద్‌లో రెండు రన్‌వేలున్నా మనల్ని గాల్లో తిప్పుతున్నారంటే అది కంట్రోలర్ల బద్ధకమే." మా మేనల్లుడు కూడా ఇదే పంపి, "నిజమేనా మామయ్యా?" అని అడిగాడు. రాడార్ ముందు ఏళ్లతరబడి కూర్చున్నవాణ్ణి. చదివి బాధ కలిగింది. వాడికిచ్చిన జవాబే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా "పనే ఉండదు" అన్న మాట. ముందు వెళ్తున్న విమానం తనకు కనిపించిందని, దాని వెనకే ఎడం చూసుకుంటూ వస్తానని పైలట్ చెప్పాకే ఆ రెంటి మధ్య దూరం చూసే బాధ్యత అతనికి మారుతుంది. అంతవరకూ అది కంట్రోలర్‌దే. ఆ మాట రాబట్టడమే పెద్ద పని. "మీకు రెండు గంటల దిక్కున (గడియారంలో రెండు అంకె ఉండే వైపున), ఐదు మైళ్లలో ఎయిర్‌బస్" అని చెబుతాం. "చూస్తున్నాం" అంటారు. కాసేపాగి "కనపడలేదు" అంటారు. మళ్లీ చెబుతాం. సాయంత్రం పూట పడమటికి దిగుతుంటే ఎండ సూటిగా పైలట్ కళ్లలో కొడుతుంది. ఏప్రిల్ మసకలో తెల్లటి విమానం నేలలో కలిసిపోతుంది. తీరా "కనిపించింది" అన్నాక, చూసింది ఆ విమానాన్నేనా, దాని ముందుదాన్నా అన్న అనుమానం మిగిలే ఉంటుంది. ఇదంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీద, మిగతా విమానాలన్నీ తమ వంతు కోసం చూస్తుండగా జరగాలి.

ఐఎల్ఎస్ మీద, అంటే రన్‌వే దగ్గరి రేడియో సంకేతాలను పట్టుకుని వచ్చే విమానానికి ఇంత మాట అక్కర్లేదు. "నాలుగు మైళ్ల దాకా 160 నాట్ల వేగం" అని ఒకసారి చెబితే తాడు పట్టుకున్నట్టు నడిచొస్తుంది. విజువల్‌లో, అంటే కంటిచూపుతో దిగేటప్పుడు, ఒకరు మలుపు దగ్గరగా తిప్పుతారు, ఇంకొకరు ముందే వేగం తగ్గిస్తారు. ఆ తేడాలన్నీ కంట్రోలర్ బుర్రలోనే సర్దుకోవాలి. బాధ్యత పైలట్‌కు మారాక కూడా పెద్ద విమానం వెనక గాలి సుడుల గురించి హెచ్చరించాలి, బయల్దేరేవాటిని చూడాలి, ఎవరైనా దిగకుండా మళ్లీ పైకి లేస్తే చోటు చూపించాలి. మాట్లాడకుండా చూస్తూ ఉండే పని బయటివాళ్లకు కనిపించదు. మనిషిని ఎక్కువగా అలసిపోయేలా చేసేది అదే.

రెండు రన్‌వేలుంటే సులువన్నది దీనికంటే పెద్ద పొరపాటు. రెండు సమాంతర రన్‌వేల మీదకు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఐఎల్ఎస్ మీద విమానాలు దించాలంటే, అంతర్జాతీయ నిబంధనల ప్రకారం వాటి మధ్య కనీసం 1,035 మీటర్లుండాలి. ఆ మధ్యలో 610 మీటర్ల పట్టీలోకి ఎవరూ రాకూడదు. అది చూడడానికే ప్రత్యేకంగా కంట్రోలర్లుంటారు. విజువల్‌లో ఆ పట్టీ ఉండదు. ఒక లెక్క వేసి చూడండి. 180 నాట్ల వేగంతో, 30 డిగ్రీల కోణంలో వస్తున్న విమానం తన రన్‌వేకి సూటిగా వెళ్లే గీత దగ్గర తిరగకుండా దాటిపోతే, పక్కకు సెకనుకు సుమారు 46 మీటర్లు జరుగుతుంది. 1,035 మీటర్లు దాటడానికి 22 సెకన్లు పడుతుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో 28 ఎడమ, 28 కుడి అనే జంట రన్‌వేల మధ్య ఉన్నది 229 మీటర్లే. అంటే ఐదు సెకన్లు. రేడియోలో ఒక వాక్యం పూర్తి కావడానికి పట్టే సమయం.

అమెరికా ఉదాహరణ చెప్పేవాళ్లు ఆ శాన్ ఫ్రాన్సిస్కోలోనే 2017 జులై 7 అర్ధరాత్రికి కాస్త ముందు జరిగింది కూడా చెప్పాలి. ఎడమ రన్‌వే మూసి దీపాలు ఆర్పేశారు. కుడి రన్‌వే మీదకు విజువల్‌గా దిగుతున్న ఎయిర్ కెనడా 759 విమానం పైలట్లు ఐఎల్ఎస్ పెట్టుకోవడం మరిచారు. కుడి రన్‌వేనే ఎడమదనుకుని, దాని పక్కనున్న టాక్సీవేని (విమానాలు నేల మీద నడిచి వెళ్లే దారిని) రన్‌వేగా పొరబడ్డారు. అక్కడ నాలుగు విమానాలు జనంతో నిలబడి ఉన్నాయి. తిరిగి పైకి లేచేలోపు సుమారు 60 అడుగుల ఎత్తుదాకా దిగిపోయారు. అప్పుడు టవర్‌లో అన్ని పనులూ ఒక్క కంట్రోలరే చూస్తున్నాడు. అదే ఊళ్లో 2023 అక్టోబరులో, రాత్రిపూట కంటిచూపు మీద ఎడం పాటించడం తమ కంపెనీ నిబంధనలకు విరుద్ధమని లుఫ్తాన్సా పైలట్లు చెప్పారు. వాళ్లకు ఐఎల్ఎస్ వరుసలో చోటు దొరక్క విమానం ఓక్లాండ్‌లో దిగింది. ఒక్కరు కాదంటే వరుసంతా ఎలా కదిలిపోతుందో అక్కడ తెలిసింది.

మిషన్ హెచ్చరిస్తుందన్న నమ్మకానికి ఒక్క మాట చాలు. ఢీకొనకుండా పైకో కిందికో తప్పుకోమని చెప్పే టీకాస్ అనే ఆ మిషన్ ఆదేశాలు నేలకు సుమారు వెయ్యి అడుగుల లోపు పనిచేయవు. రన్‌వేకి సూటిగా దిగే దారిలో ఆఖరి మూడు మైళ్లూ దాదాపు ఆ ఎత్తులోనే గడుస్తాయి.

ఇక మన శంషాబాద్. ప్రధాన రన్‌వే 4,260 మీటర్లు. రెండోది 3,707 మీటర్లు. అది టాక్సీవేగా వాడుతూ, మొదటిదానికి మరమ్మతులున్నప్పుడు రన్‌వేగా మార్చుకునేది. 2012లో మొదలైంది. టాక్సీవే ఎంత దూరంలో ఉంటుందో అంత దూరంలోనే ఉంది. కాబట్టి అది రెట్టింపు చేసే రెండో రన్‌వే కాదు, అవసరానికి ఉంచుకున్న బదులు రన్‌వే. దిగే ప్రతి విమానం, లేచే ప్రతి విమానం ఒకే రన్‌వే పంచుకోవాలి. దిగింది పక్కకు తప్పుకునేదాకా తర్వాతిది దూరంగా ఉండాల్సిందే. ఆకాశం ఎంత తేటగా ఉన్నా అంతే.

బద్ధకం అన్నవాళ్లకు ఇంకొక సంగతి. ప్రయాగరాజ్‌లోనో, మన బేగంపేటలోనో శిక్షణ పూర్తిచేసి వచ్చిన కంట్రోలర్ కూడా ప్రతి కొత్త ఊళ్లో మళ్లీ నేర్చుకుని, మళ్లీ పరీక్ష నెగ్గాలి. ఒక ఊరి రేటింగ్ (అక్కడ పనిచేసే అర్హత) ఇంకో ఊళ్లో చెల్లదు. ఇక్కడైతే హకీంపేట, దుండిగల్ వాయుసేన స్థావరాలను కూడా దృష్టిలో పెట్టుకోవాలి. మొన్న మా మేనల్లుడి విమానం పావుగంట చుట్టు తిరిగిందట. ఆ పావుగంటలో దాని ముందు దిగినవాటికీ, మధ్యలో లేచినవాటికీ ఎడం లెక్కపెడుతూ ఒక మనిషి తెర మీంచి కన్ను తీయకుండా కూర్చునే ఉన్నాడు. ఆ మెసేజ్ మీ గ్రూపులోకి వస్తే దయచేసి దాని కింద ఇది పెట్టండి.