పోయినా ఫరవాలేదనుకునే బోయా

అలల్ని కొలవడానికి నీటిపై తేలేలా వదిలే చౌక బోయాల గురించి ఎక్కడ చర్చ జరిగినా, మొదట వచ్చే ప్రశ్న 'కచ్చితత్వం ఎంత?' అనేదే. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఆ బోయాను ఎలాంటి నీళ్లలో వేయడానికి మీకు మనసు ఒప్పుతుంది?

అలల కొలతకు ప్రామాణికమని పేరుపడ్డ నెదర్లాండ్స్ వారి 'వేవ్‌రైడర్' సంగతే చూడండి. పెద్ద రకం వ్యాసం 90 సెంటీమీటర్లు, బరువు 200 కిలోలకు పైమాటే. దాన్ని దించడానికి ఓడ, క్రేను, లంగరు, రబ్బరు తాడు, అనువైన వాతావరణం అన్నీ కుదరాలి. అంత సొమ్ము నీళ్లలో వేసినవారు, వెళ్లి వెనక్కి తెచ్చుకోగలిగిన చోటే వేస్తారు. వారిని తప్పుపట్టలేం. కానీ దాని ఫలితం ఏమిటంటే, ఓడలు సులువుగా వెళ్లే చోట్ల కొలతలు పోగుపడ్డాయి, ఓడలు భయపడే చోట్ల ఖాళీ మిగిలింది. ఉపగ్రహాలు ఆ లోటు తీరుస్తాయంటారు. అలల ఎత్తును కొలిచే ఉపగ్రహం తన దారి కింద ఉన్న సన్నని గీతనే చూస్తుంది, మళ్లీ అదే గీత మీదకు రావడానికి రోజులు పడుతుంది. తుఫాను అన్నాళ్లు ఆగదు.

చౌక బోయా ఈ లెక్కనే తలకిందులు చేసింది. 2022లో ఇయన్ హరికేన్ అమెరికా తీరం వైపు వస్తుంటే, దాని దారిలో విమానాల నుంచి చిన్న బోయాలను జారవిడిచారు. తిరిగి దొరుకుతాయన్న భరోసా ఎవరికీ లేదు, అవసరమూ లేదు. అలాంటి కొలతల నుంచి తేలిన విషయం ఒకటి నన్ను ఇప్పటికీ ఆకట్టుకుంటుంది: గాలి ఎంత పెరుగుతున్నా, ఒక దశ దాటాక అలల వాలు పెరగడం దాదాపు ఆగిపోతుంది. ఒడ్డున కూర్చుని ఊహించగలిగిన సంగతి కాదిది. ధ్రువప్రాంతపు మంచుపలకల మధ్య అలలు ఎలా నీరసిస్తాయో తెలిసింది కూడా ఎక్కువగా ఇలాంటి బోయాల వల్లనే. మంచు నలిపేస్తుందని తెలిసీ రెండు క్వింటాళ్ల పరికరాన్ని అక్కడ ఎవరు పెడతారు?

చౌక బోయాల కచ్చితత్వాన్ని శంకించేవారి వాదనలో పస లేదనను. ఇలాంటి బోయాల్లో చాలావరకు తమ త్వరణాన్ని కొలిచి, దాన్నుంచి అల ఎత్తును లెక్కిస్తాయి. 20 సెకన్ల కాలావధితో, శిఖరం నుంచి లోయకు 20 సెంటీమీటర్ల ఎత్తుతో దూరం నుంచి వచ్చే నిదానపు అలను తీసుకోండి. అది బోయాకు ఇచ్చే త్వరణం గురుత్వాకర్షణలో వెయ్యోవంతు. బోయా రెండున్నర డిగ్రీలు ఒరిగిందని గుర్తించకపోయినా అంతే తప్పు వస్తుంది. త్వరణం నుంచి ఎత్తు రాబట్టాలంటే రెండుసార్లు సమాకలనం చేయాలి (క్షణక్షణం విలువలను కూడుకుంటూ పోవాలి), అందులో నిదానపు అలల వైపు ఉన్న చిన్న తప్పు పెద్దదవుతుంది. లంగరు లేని బోయా కొట్టుకుపోతుంది కాబట్టి, ఒకే చోట దశాబ్దాల రికార్డు కావాలంటే పనికిరాదు. బ్యాటరీలతో సహా సముద్రంలో చెత్తగా మిగులుతుందన్న ఫిర్యాదుకు నా దగ్గర పూర్తి జవాబు లేదు.

తక్కిన వాటికి ఉంది. ఫోన్లలో ఉండే రకం సెన్సార్‌నే సెకనుకు వందలసార్లు చదివి సగటు తీస్తే కొలతల్లోని రొద, అంటే అడ్డదిడ్డపు హెచ్చుతగ్గులు, చాలావరకు అణుగుతుంది. వంపును, తిరుగుడును కొలిచే జైరోస్కోపు సరిదిద్దుతుంది. మరికొన్ని బోయాలు త్వరణం జోలికే పోకుండా జీపీఎస్ సంకేతాల డాప్లర్ మార్పుతో (కదలిక వల్ల పౌనఃపున్యంలో వచ్చే తేడాతో) వేగాన్ని పట్టుకుంటాయి. అన్నిటికీ మించి, సముద్రమే యాదృచ్ఛికం. 20 నిమిషాల రికార్డు నుంచి తీసిన అల ఎత్తులో, పరికరం లోపరహితమైనదైనా, కొన్ని శాతం తేడా తప్పదు. అలాంటప్పుడు ఒక్క చోట అర శాతం మెరుగుదలకు డబ్బు పోయడం కన్నా, నలభై చోట్ల కొలవడమే తెలివైన ఖర్చు. ఖరీదైన బోయాలు కొన్ని ఉండాలి, తూకపురాళ్లలా. అంగడిలో ప్రతి తక్కెడనూ తూకపురాళ్ల ధర పెట్టి కొనం కదా.

అయితే చౌక అన్న మాటతోనే సంబరపడిపోయేవారితోనూ నాకు పేచీ ఉంది. ఉపగ్రహం ద్వారా ఒక్క సందేశంలో బోయా పంపగలిగేది సాధారణంగా 340 బైట్లు. 20 నిమిషాల సముద్రమంతా అందులో ఇమడాలి. అంటే ఏది ఉంచాలో, ఏది పారేయాలో నడిసముద్రంలోనే నిర్ణయమైపోతుంది. ఆ నిర్ణయం తీసుకునే ప్రోగ్రాము తయారీదారు తాళం వేసుకున్న పెట్టెలో ఉంటే, మన చేతికి వచ్చేది వారి అభిప్రాయమే. నార్వే పరిశోధకుల చొరవతో వచ్చిన 'ఓపెన్‌మెట్‌బోయ్' అనే చౌక బోయా ఇక్కడే నాకు నచ్చింది. విడిభాగాల ఖర్చు 2022 నాటికి దాదాపు 650 డాలర్లు. సర్క్యూట్, ప్రోగ్రాము, గణన పద్ధతి అన్నీ ఎవరైనా తెరిచి చూడవచ్చు, తప్పుంటే పట్టుకోవచ్చు. ప్రజల సొమ్ముతో బోయాలు కొనే ప్రతి టెండరులోనూ బరువు, బ్యాటరీ, వారంటీల పక్కన ఇంకొక్క వరుస చేర్చాలి: త్వరణం నుంచి అల ఎత్తు దాకా జరిగే లెక్క మొత్తం, కోడ్‌తో సహా, బోయాతో పాటే అప్పగించాలి.