ఆ బొమ్మల నోట్లు 1923వి కావు

వాట్సాప్‌లో మళ్లీ అదే ఫార్వర్డ్ తిరుగుతోంది. రంగు బొమ్మలున్న చిన్న జర్మన్ నోటు ఫొటో, కింద ఈ రాత: "1923లో జర్మనీలో ఊరూరా దొంగచాటుగా నోట్లు అచ్చేశారు, అందుకే డబ్బు చిత్తుకాగితమైంది. ఇప్పుడు ఇది ఒక్కటి ఉంటే లక్షలే!" ఇందులో నిజం "ఊరూరా" అన్న ముక్క ఒక్కటే.

ముందు ఆ నోటు మీద అంకె చూడండి. 50 ఫెనిగ్‌లు, అంటే అర మార్కు. 1923 నవంబరులో బెర్లిన్‌లో ఒక రొట్టె దాదాపు 20 వేల కోట్ల మార్కులు. అప్పుడు అర మార్కు నోటు ఎవరికి కావాలి?

అసలు కథ 1914లో మొదటి ప్రపంచ యుద్ధంతో మొదలైంది. జనం వెండి నాణేలు దాచేసుకున్నారు. నికెల్, రాగి ఆయుధాలకు పోయాయి. ప్రభుత్వం ఇనుము, జింకు, అల్యూమినియంతో చిల్లర పోయించినా చాల్లేదు. దాంతో మున్సిపాలిటీలు, ఫ్యాక్టరీలు సొంతంగా చిన్న నోట్లు వేశాయి. నోట్‌గెల్డ్, అంటే అత్యవసర డబ్బు, అన్నది వీటినే. అదే యుద్ధంలో వెండి కరువై మన దగ్గరా 1917లో రూపాయి నోటు వచ్చింది.

దొంగచాటు అనడం మరీ విడ్డూరం. నోటు మీద ఊరి పేరు, అధికారుల సంతకాలు, చాలావాటికి గడువు తేదీ కూడా ఉండేవి. గడువులోగా తీసుకెళ్తే ఊరి ఖజానాలో మార్చిచ్చేవారు. సర్కారు చూసీచూడనట్టు ఊరుకుంది. 1918 చివర్లో అయితే పెద్ద నోట్లు వేయమని జర్మనీ కేంద్ర బ్యాంకు రైక్స్‌బ్యాంకే పట్టణాలను అడిగింది.

డబ్బు విలువ పోవడానికి మూలం వేరే. యుద్ధం ఖర్చును చాలావరకు పన్నులతో కాక అప్పులతో నెట్టుకొచ్చారు. 1923లో జర్మనీ పరిశ్రమలకు కేంద్రమైన రూర్ ప్రాంతాన్ని ఫ్రెంచి, బెల్జియం సేనలు ఆక్రమిస్తే, నిరసనగా పని మానేసిన కార్మికులను పోషించడానికి రైక్స్‌బ్యాంకు ఎడాపెడా నోట్లు గుద్దింది. పట్టణాలు, రైల్వే కూడా ఆ ఏడాది కోట్ల మార్కుల నోట్లు వేసిన మాట నిజం. కానీ ఫొటోలోది ఆ బాపతు కాదు.

ఇక లక్షల సంగతి. 1920-22 మధ్య ఊళ్లు ఈ బొమ్మల నోట్లను సేకరించేవాళ్ల కోసమే సెట్లుగా వేశాయి. హామెలిన్ అయితే ఎలుకల్ని తోలుకుపోయిన పిల్లనగ్రోవి వాడి కథనే అచ్చేసింది. కొన్ని నోట్లు బయటికొచ్చేసరికే గడువు దాటిపోయి ఉండేవి! కొన్నవాడు ఆల్బంలో పెట్టుకుంటాడు, మార్చమని రాడు, ఊరికి లాభం. 1922 జులైలో చట్టం చేసి వీటిని ఆపించారు. ఆల్బంలలో భద్రంగా ఉన్నాయి కాబట్టే ఇప్పటికీ కుప్పలుగా, చవగ్గా దొరుకుతాయి. బీలెఫెల్డ్ అనే ఊళ్లో పట్టుగుడ్డ మీద వేసినవాటి సంగతి వేరు. ఫార్వర్డ్‌లో ఉన్నది కాగితం నోటే.