సవరణ: సామాజిక శాస్త్ర పరిశోధన పరిధి గురించి
సామాజిక శాస్త్ర పరిశోధనపై గత వారం రాసినప్పుడు, 1969లో ఏర్పడిన భారతీయ సామాజిక శాస్త్ర పరిశోధన మండలే చరిత్రకూ కేంద్ర సంస్థ అన్నాను. అది పొరపాటు, చరిత్రకు 1972లో విడిగా మరో మండలి ఏర్పడింది. అంతకంటే పెద్ద లోపం, మానవశాస్త్రమంటే అరకు, పాడేరు గిరిజనుల అధ్యయనమే అన్న అర్థం వచ్చేలా రాయడం. విశాఖ చేపల రేవులో తెల్లవారుజామున జరిగే వేలంపాటనే తీసుకుంటే, పడవ యజమానికీ వేటకు వెళ్లినవారికీ మధ్య వాటాలు తేల్చడంలో బంధుత్వం ఎంత పనిచేస్తుందో మానవశాస్త్ర పరిశోధకులు చూస్తారు; షావుకారు అప్పు చేప ధరను ఎలా కట్టిపడేస్తుందో అర్థశాస్త్రం వారు లెక్కగడతారు; ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో భృతి ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో పాలనాశాస్త్రం వారు ఆరా తీస్తారు. గంపలెత్తుకుని వీధుల్లో చేపలమ్మే ఆడవాళ్లను నేనూ మరిచాను. వారి శ్రమ ఈ మూడింటికీ చెందిన విషయమే.