35 గారికి ఒక బహిరంగ లేఖ

రేటింగ్ గారికి,

నమస్కారం. నేను మీ పాత భక్తుణ్ణే. ఆన్‌లైన్ బేస్‌బాల్ మేనేజర్ గేమ్‌లో రెండేళ్లుగా మీ అంకె చూసే పిచ్చర్లని (బంతి విసిరేవాళ్లని) కొన్నాను, మీ అంకె చూసే అమ్మాను. 20 నుంచి 80 దాకా స్కేలు, 50 అంటే సగటు ఆటగాడు, నిజం మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా పెద్ద బేస్‌బాల్ లీగ్‌లో, ఆటగాళ్లని వెతికే స్కౌట్లు కూడా ఇదే కొలత వాడతారని తెలిశాక మీ మీద గౌరవం ఇంకా పెరిగింది. ముఖం చూసి బొట్టు పెట్టే పని మీకు అప్పజెప్పి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

బాబాయ్ వచ్చేదాకా.

బాబాయ్ అన్నది నేను పెట్టుకున్న పేరే. వయసు 36, రేటింగ్ 35. వయసు కంటే రేటింగ్ తక్కువున్న వాణ్ణి ఎవరు తీసుకుంటారు, ఏ టీమూ లేక ఊరికే పడున్నాడు. మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్లు, మా స్టార్టర్లు ఇద్దరికీ ఒకే వారంలో భుజాలు పట్టేస్తే, నాలుగు రోజులు నెట్టుకొస్తాడులే అని కనీస జీతానికి తెచ్చుకున్నా. ఫాస్ట్‌బాల్ 84 మైళ్లు, అంటే గంటకు 135 కిలోమీటర్లు. మన క్రికెట్‌లో అయితే పర్లేదు, బేస్‌బాల్‌లో 95 మైళ్లు వేసేవాళ్లు బోలెడంతమంది.

సీజన్ సగం దాటింది. బాబాయ్ 9 గెలిచాడు, 2 ఓడాడు, తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి, సగటున మూడు పరుగులు కూడా ఇవ్వట్లేదు. మీరు 65 వేసి నా బడ్జెట్‌లో మూడో వంతు మింగించిన కుర్రాడేమో ఐదుకి పైనే ఇస్తున్నాడు. పోయిన వారం బాబాయ్ ఏడు ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వకుండా వేస్తే మీరేం చేశారో గుర్తుందా? 34కి దిగారు. వయసు మీద పడిందట!

మీ వాదన నాకు తెలుసు. అదృష్టం అంటారు. స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో అవుట్), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్‌కి ఊరికే దక్కే బేస్), హోమ్‌రన్లు (మన సిక్సర్ లాంటివి) పిచ్చర్ చేతిలో ఉంటాయి గానీ, బ్యాట్‌కి తగిలి మైదానంలో పడే బంతి ఏమవుతుందో అతని చేతిలో పెద్దగా ఉండదని 2001లోనే బేస్‌బాల్ లెక్కలు తీసే వోరోస్ మెక్‌క్రాకెన్ రాశాడు. అలాంటి బంతుల్లో మామూలుగా 30 శాతం దాకా హిట్లవుతాయి (బ్యాటర్ బేస్ చేరిపోతాడు), బాబాయ్ దగ్గర 23 దాటట్లేదు, కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు దెబ్బతింటాడు. ఒప్పుకుంటా. టీమ్ గెలిస్తే పిచ్చర్ ఖాతాలో వేసే ఆ గెలుపుల లెక్కనైతే నేనూ నమ్మను. 2018లో న్యూయార్క్ మెట్స్ పిచ్చర్ జేకబ్ డిగ్రామ్ 1.70 ఈఆర్ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగుల సగటు) ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు కొట్టినా అతని ఖాతాలో 10 గెలుపులు, 9 ఓటములే, మెట్స్ బ్యాటర్లు పరుగులు తీయకపోతే పాపం అతనేం చేస్తాడు. మావాళ్లు మాత్రం బాబాయ్ దిగిన రోజే పూనకం వచ్చినట్టు కొడతారు.

అయితే ఒక్క మాట. బాబాయ్ ఊరికే వాక్‌లు ఇవ్వడు. తక్కువ ఎత్తులో వేస్తాడు, వాళ్లు నేలబారుగా కొడతారు, ఆ బంతి నేరుగా రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే మా ఫీల్డర్, షార్ట్‌స్టాప్ దగ్గరికి పోతుంది, వాడి గ్లవ్‌కి మీరే 70 ఇచ్చారు. బాబాయ్‌ని ఒక్కణ్ణే నిలబెట్టి 35 అని రాశారు, వెనకాల ఎవరున్నారో చూడలేదు. మేజర్ లీగ్ పిచ్చర్ జేమీ మోయర్ సంగతి విన్నారా అసలు? 80 మైళ్ల చుట్టుపక్కల బంతులతో 2012లో, 49 ఏళ్ల వయసులో, కొలరాడో టీమ్ తరఫున మ్యాచ్ గెలిచాడు, కెరీర్ మొత్తం మీద 269 గెలుపులు. ఆయనకి మీరైతే ఎంత వేసేవారో!

సరే, అసలు విషయానికొస్తా. నిన్న రాత్రి ఒకాయన బాబాయ్‌ని ఇస్తే 60 రేటింగ్ వాణ్ణి ఇస్తానని ఆఫర్ పెట్టాడు. ఇంత రాసినవాణ్ణి, వెంటనే కుదరదని చెప్పాలి కదా. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా ఆ 60 వైపే చూస్తూ కూర్చున్నా. గడువు రేపు పొద్దున ఆరింటి వరకూ ఉంది. ఈలోగా మీరు దయచేసి ఒక్క 40కి ఎక్కితే, కాదనడానికి నాకు కాస్త ధైర్యం వస్తుంది.

ఇట్లు,
ఇంకా నిద్రపోని మీ మేనేజర్