సవరణ: కూరగాయల కవర్ల బ్యాన్ గురించి

మొన్నటి పోస్ట్ చూసి సూపర్‌మార్కెట్లో కూరగాయలకి ప్లాస్టిక్ మొత్తం బ్యాన్ అంట కదా అని అడుగుతున్నారు, అందుకే ఇది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద కేంద్రం 2022 జులై 1 నుంచి పెట్టిన బ్యాన్ లిస్టులో స్ట్రాలు, ప్లాస్టిక్ స్పూన్లు, స్వీట్ బాక్సులకి చుట్టే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ లాంటివి ఉన్నాయి గానీ కీరదోసకి చుట్టే ఫిల్మ్ లేదు. క్యారీ బ్యాగుల రూల్ వేరు, అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) కంటే పల్చగా ఉండకూడదు, కంపోస్టబుల్, అంటే కుళ్ళి ఎరువుగా మారే వాటికి మాత్రం ఆ మందం లెక్క లేదు, కాకపోతే సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) సర్టిఫికెట్ కావాలి, కవర్ మీద కంపోస్టబుల్ అని రాసుందో లేదో చూడండి, ఉత్త ఆకుపచ్చ రంగు చూసి నమ్మేయకండి. ఇంక పేపర్ కవర్ల సంగతంటారా, తడి కొత్తిమీర వేస్తే ఇంటికెళ్ళేలోపే అడుగు నాని చిరుగుతుంది, ఉల్లిపాయలకైతే అదే నయం, చెమ్మ పట్టి కుళ్ళవు.